రిడీమ్ కోడ్ ‘ఫెయిల్డ్’ అంటోందా? ముందు ఆ కోడ్ ఎక్కడిదో తేల్చుకో

కోవూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే ఫోన్ గేమ్‌లో ఉచిత బహుమతుల కోసం కంపెనీ ఇచ్చే రిడీమ్ కోడ్ల గురించి. క్లుప్తంగా ప్రశ్న ఇది: “అన్నా, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో రోజూ రిడీమ్ కోడ్లు పెడుతున్నా. ఒక్కటీ పడట్లేదు. ‘ఫెయిల్డ్ టు రిడీమ్’ అంటోంది. క్యాష్ క్లియర్ చేశా, గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించా, వీపీఎన్ పెట్టి కూడా చూశా. మా ఫ్రెండ్‌కి మాత్రం ఒకటి పడింది. ఫోన్ ప్రాబ్లమా? నా ఐడీ బ్లాక్ అయిందా?”

ఫోన్‌కేం కాలేదు తమ్ముడూ. ఐడీ బ్లాక్ అయ్యుంటే నువ్వు గేమ్‌లోకే వెళ్లలేవు, కోడ్ దాకా ఎందుకు. నువ్వు పెడుతున్న కోడ్లలో ఎక్కువ భాగం నీ చేతికొచ్చేసరికే గడువు అయిపోయినవి, లేదా వేరే దేశం సర్వర్‌కి ఇచ్చినవి. ఈ రెండూ కాకపోతే తప్పు లాగిన్ దగ్గరుంటుంది, లేదా టైపింగ్ దగ్గరుంటుంది. క్యాష్ క్లియర్ చేయడం, గేమ్ తీసి మళ్లీ ఎక్కించడం వీటిలో దేనికీ మందు కాదు. కోడ్ సరైనదో కాదో చూసేది నీ ఫోన్ కాదు, కంపెనీ సర్వర్. నీ ఫోన్‌ని ఎన్నిసార్లు తుడిచినా అక్కడి లెక్క మారదు.

అన్నట్టు, గేమ్ తీసేసే ముందు ఒకటి చూసుకోవాల్సింది. గెస్ట్ ఐడీతో, అంటే గూగుల్, ఫేస్‌బుక్ ఏదీ కలపకుండా ఆడేవాళ్లు గేమ్ అన్ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఐడీ మళ్లీ దొరక్కపోవచ్చు. కోడ్ కోసం పోయి ఏళ్ల తరబడి ఆడిన ఐడీనే పోగొట్టుకున్న పిల్లలు మా షాపుకి వస్తుంటారు. నెల్లూరులో నాది మొబైల్ రిపేరు, రీచార్జి షాపు. స్కూళ్లు వదిలాక సాయంత్రం పూట డిస్‌ప్లే మార్పించుకునేవాళ్ల కంటే “అన్నా ఈ కోడ్ చూడవా” అనేవాళ్లే ఎక్కువ కనపడతారు. కింద రాసేదంతా ఆ కౌంటర్ దగ్గర చూసిందే.

మొదట మెసేజ్ పూర్తిగా చదువు. అందరూ ‘ఫెయిల్డ్’ అన్న ముక్క చూసి ఆగిపోతారు. అసలు సంగతి దాని కిందున్న లైన్లో ఉంటుంది. ‘ఇన్వాలిడ్ ఆర్ రిడీమ్డ్’ అని వచ్చిందంటే ఆ కోడ్ తప్పుగా కొట్టావు, లేదా అది ఇప్పటికే వాడేసింది. ‘ఎక్స్‌పైర్డ్’ అంటే గడువు అయిపోయింది. ‘కెనాట్ బి యూజ్డ్ ఇన్ యువర్ రీజియన్’ అంటే కోడ్ మంచిదే, నీ సర్వర్‌ది కాదు. మూడింటికీ మూడు వేరు కారణాలు. మెసేజ్ ఏంటో చూడకుండా అన్నిటికీ ఒకటే చిట్కా చెప్పే వీడియోలను నమ్మకు.

రీజియన్ సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫ్రీ ఫైర్ ఇండోనేషియాలో ఆడతారు, బ్రెజిల్‌లో ఆడతారు, బంగ్లాదేశ్‌లో ఆడతారు. ఈ గేమ్ కంపెనీ గరేనా వాళ్లు ఒక్కో ప్రాంతానికి విడిగా ఈవెంట్లు పెడతారు, విడిగా కోడ్లు ఇస్తారు. అక్కడ లైవ్‌లో ఇచ్చిన కోడ్‌ని ఎవరో ఎత్తి ‘ఈరోజు ఇండియా కోడ్స్’ అని పేరు మార్చి పెడతారు. అది మన వాట్సాప్ గ్రూపులో తిరిగి నీ దగ్గరికొస్తుంది. దాన్ని ఇండియా ఐడీలో కొట్టడం ఒంగోలు టికెట్ పట్టుకుని తిరుపతి బస్సెక్కడం లాంటిది. టికెట్ దొంగది కాదు, కానీ కండక్టర్ దించేస్తాడు. వీపీఎన్ పెడితే ఏమన్నా మారుతుందా అంటే, మారదు. నీ ఐడీ ఏ రీజియన్‌దో ఐడీ తెరిచిన రోజే ఖాయమైంది. వీపీఎన్ నీ నెట్ దారి మారుస్తుంది కానీ ఐడీ పుట్టుక మార్చదు. పైగా ఊరూపేరూ లేని ఫ్రీ వీపీఎన్ వేసుకుని ఫేస్‌బుక్ లాగిన్ అవ్వడం అంత తెలివైన పని కాదు.

ఇక్కడే ఇంకో మాట. ఫ్రీ ఫైర్ పాత గేమ్‌ని 2022 ఫిబ్రవరిలో మన దేశంలో నిషేధించారు. ఇక్కడ ప్లే స్టోర్‌లో మిగిలింది ఫ్రీ ఫైర్ మ్యాక్స్. 2023 సెప్టెంబరు 5న ‘ఫ్రీ ఫైర్ ఇండియా’ వస్తుందని ప్రకటించి, తర్వాత వాయిదా వేశారు. ఆ పేరు వాడుకుని బయట ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ ఎక్కించే ఫైళ్లు) తిప్పేవాళ్లున్నారు. ‘ఈ ఏపీకే వేసుకుంటే అన్ని కోడ్లూ పడతాయి’ అని ఎవరన్నా పంపితే డిలీట్ చెయ్. ఆ ఫైల్ వేసుకుని వచ్చిన ఫోన్లు చూశాను. గేమ్ తెరుచుకోదు కానీ నోటిఫికేషన్ బార్ నిండా యాడ్లు, మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ కూడా ఇచ్చేసి ఉంటారు. అమ్మానాన్నల బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ ఫోన్‌కే అయితే ఇక చెప్పేదేముంది.

మీ ఫ్రెండ్‌కి పడి నీకెందుకు పడలేదంటావా? చాలా కోడ్లకి గడువుతో పాటు ‘ఇంతమందికే’ అన్న పరిమితి కూడా ఉంటుంది. వాడు పొద్దున పెట్టుంటాడు, నువ్వు స్కూల్ నుంచి వచ్చాక పెట్టుంటావు. బీజీఎంఐ అనే ఇంకో షూటింగ్ గేమ్‌లో ఇది ఇంకా కఠినం. దాన్ని నడిపే క్రాఫ్టన్ ఇండియా వాళ్లు వదిలే కోడ్లలో ఒక్కోటి మొదటి 10 మందికే అని వాళ్ల నియమాల్లోనే రాశారు. పదకొండోవాడికి అది ఎంత కరెక్టుగా కొట్టినా పడదు. అక్కడ ఇంకో తిరకాసు: కోడ్‌తో పాటు క్యారెక్టర్ ఐడీ అడుగుతుంది. అంటే ప్రొఫైల్‌లో ఉండే అంకెలు. పిల్లలు గేమ్‌లో స్టైలుగా పెట్టుకున్న పేరు కొట్టి ‘ఎర్రర్’ అంటారు.

ఇక లాగిన్. నా లెక్కలో ఇదే అసలు కథ. కోడ్ నిజమైనదై కూడా రివార్డు రాకపోతే నేను ముందు అనుమానించేది దీన్నే.

ఫ్రీ ఫైర్ కోడ్లు గేమ్ లోపల పెట్టేవి కావు. రివార్డ్ డాట్ ఎఫ్ఎఫ్ డాట్ గరేనా డాట్ కామ్ అన్న వెబ్‌సైట్‌లో లాగిన్ అయి పెట్టాలి. ఆ పేజీలోనే రాసి ఉంటుంది, గెస్ట్ ఐడీలకి కోడ్లు పడవని. కాబట్టి గెస్ట్‌గా ఆడుతుంటే ముందు గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఐడీని గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో బైండ్ చెయ్యి, అంటే కలుపు. సొంత జీమెయిల్‌తోనే చెయ్యి. పక్కింటి అన్న జీమెయిల్‌కి బైండ్ చేస్తే రేపు అన్న చదువుకోడానికి చెన్నై పోయాడంటే నీ ఐడీ కూడా ఆయన వెంటే పోయినట్టు.

బైండ్ అయినవాళ్లకి కూడా రాకపోవడానికి కారణం ఏంటంటే, గేమ్‌లోకి ఒక అకౌంట్‌తో వెళ్తారు, వెబ్‌సైట్‌లోకి ఇంకో అకౌంట్‌తో వెళ్తారు. మొన్న ఇందుకూరుపేట నుంచి ఒకామె కొడుకుని వెంటేసుకుని వచ్చింది. కోడ్ పడిందట, ‘సక్సెస్’ అని కూడా వచ్చిందట, కానీ గేమ్‌లో ఏమీ లేదట. పిల్లాడు ఏడుపు మొహం. ఫోన్ తీసి చూస్తే అందులో మూడు జీమెయిళ్లు: ఆమెది, ఆమె భర్తది, ఫోన్ కొన్నప్పుడు షాపువాళ్లు సృష్టించిన ఇంకోటి. పిల్లాడు ఆడేది నాన్న జీమెయిల్ ఐడీతో. క్రోమ్‌లో గూగుల్ బొమ్మ నొక్కగానే పైనున్న షాపువాళ్ల జీమెయిల్ ఎక్కేసింది. దానిమీద కూడా ఎప్పుడో తెరిచి వదిలేసిన ఒక ఐడీ ఉంది. లెవెల్ 2 దగ్గర ఆగిపోయిన ఆ ఐడీకి గేమ్ లోపలుండే మెయిల్‌బాక్స్‌లో రివార్డు బుద్ధిగా కూర్చుని ఉంది! ఒకసారి వాడేసిన కోడ్ కదా, దాన్ని ఇటు మార్చే దారి లేదు. పిల్లాడికి అది నచ్చజెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

అందుకని పద్ధతి ఇది. గేమ్ నుంచి లాగౌట్ అయి, మళ్లీ లోపలికి వెళ్లేటప్పుడు ఏ బొమ్మ నొక్కుతున్నావో, గూగుల్ అయితే ఏ మెయిల్ ఎంచుకుంటున్నావో కాగితం మీద రాసుకో. గెస్ట్‌వైతే మాత్రం బైండ్ చేయకుండా లాగౌట్ నొక్కొద్దు. తర్వాత క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరువు. అందులో పాత లాగిన్లేవీ గుర్తుండవు కాబట్టి తప్పు మెయిల్ దానంతటది ఎక్కదు. అదే బొమ్మ, అదే మెయిల్. అప్పుడు కోడ్ పెట్టు. ‘సక్సెస్’ వచ్చాక గేమ్‌లో మెయిల్ తెరిచి చూడు. సాధారణంగా 24 గంటల్లోపు వస్తుంది. గోల్డ్, డైమండ్లు (గేమ్‌లో చెల్లే డబ్బు) అయితే నేరుగా వాలెట్‌లో కలుస్తాయి, వస్తువులు వాల్ట్‌లో, అంటే గేమ్‌లో నీ వస్తువులుండే చోట కనపడతాయి. ఒక్కోసారి గేమ్ మూసి తెరిస్తే గానీ చూపించదు.

టైపింగ్ తప్పుల గురించి నాలుగు ముక్కలు. ఫ్రీ ఫైర్ కోడ్‌లో ఉండేవి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు మాత్రమే. మొత్తం 12 గానీ 16 గానీ. అంతకంటే ఒకటి ఎక్కువున్నా తక్కువున్నా పెట్టడం దండగ. స్క్రీన్‌షాట్ చూసి కొట్టేవాళ్లు ‘ఓ’ అక్షరాన్ని సున్నా అనుకుంటారు, ‘ఐ’ని ఒకటి అనుకుంటారు. ఇంకో విచిత్రం వాట్సాప్‌లో ఉంది. గ్రూపులో కోడ్ లావుగా కనపడాలని పంపేవాళ్లు దానికి ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెడతారు. నీకు స్క్రీన్ మీద ఆ గుర్తు కనపడదు. మెసేజ్ మొత్తం కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం గుర్తులతో సహా వచ్చి కూర్చుంటుంది. ఒక్కోసారి చివర ఖాళీ కూడా వస్తుంది, అది అసలే కనపడదు. పేస్ట్ చేశాక కర్సర్‌ని చివరికి తీసుకెళ్లి చెరిపే బటన్ ఒకసారి నొక్కు. చెరిగింది ఖాళీ అయితే మంచిదే, అక్షరం చెరిగితే మళ్లీ కొట్టు. మనవాళ్లకి ఇంకో ప్రత్యేకమైన బాధ: ఇంగ్లీషులో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు ఆన్‌లో ఉంటుంది. కోడ్ మొదట రెండు ‘ఎఫ్’లు కొట్టి స్పేస్ నొక్కితే అది ‘ఫ్ఫ్’ అని మార్చి పెడుతుంది. కీబోర్డుని మామూలు ఇంగ్లీషుకి మార్చాకే కోడ్ పెట్టు.

నెట్ స్లోగా ఉంటే? ఉండొచ్చు. రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర నిలబడి కోడ్ పెడితే పేజీ తిరుగుతూనే ఉంటుంది, ఆ జనంలో ఎవరికీ నెట్ కదలదు. అలాంటప్పుడు బటన్‌ని పదేపదే నొక్కొద్దు. మొదటి నొక్కుకే కోడ్ సర్వర్‌కి చేరి ఉండొచ్చు, రెండో నొక్కుకి ‘రిడీమ్డ్’ అని చూపించి నిన్ను భయపెడుతుంది. ముందు గేమ్ మెయిల్ చూసుకో.

ఇప్పుడు డబ్బు పోయే సంగతికి వస్తా. రిడీమ్ కోడ్ అన్న ఒక్క పేరుతో మన దగ్గర రెండు వేర్వేరు వస్తువులు నడుస్తున్నాయి. ఒకటి గేమ్ కంపెనీ ఉచితంగా ఇచ్చేది, పైన చెప్పిందంతా దాని గురించే. రెండోది గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్. అది డబ్బు పెట్టి కొనేది. దాన్ని గేమ్ వెబ్‌సైట్‌లో పెడితే జన్మలో పడదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, రిడీమ్ అని ఉన్న దగ్గర పెట్టాలి. అప్పుడు ఆ డబ్బు ప్లే బ్యాలెన్స్‌గా చేరుతుంది. దాంతో గేమ్‌లో డైమండ్లు కొనుక్కోవచ్చు. విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే ఒకాయన కొడుకు పుట్టినరోజుకని యూపీఐ యాప్‌లో ప్లే కోడ్ కొని, రాత్రంతా గరేనా వెబ్‌సైట్‌లో కొడుతూ కూర్చున్నాడు. డబ్బులు పోయాయనే టెన్షన్‌తో తెల్లారేసరికి షాపు తెరవకముందే మెట్ల మీదున్నాడు. ప్లే స్టోర్‌లో పెడితే ఒక్క క్షణంలో పడింది.

ప్లే కోడ్ కూడా పడకపోతే మూడు చూడు. మొదటిది, దేశం: ఇండియాలో కొన్న కోడ్ ఇండియా ప్లే అకౌంట్‌కే పడుతుంది. గల్ఫ్ నుంచి మామయ్య పంపిన ఫోన్‌లో ఆయన జీమెయిలే ఉండిపోతే అక్కడ చిక్కు. ప్లే దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి తొందరపడి మార్చకు, వేరే ఇండియా మెయిల్ వాడు. రెండోది, ‘వుయ్ నీడ్ మోర్ ఇన్ఫో’ అని వస్తే కోడ్ చెడిపోయిందని కాదు. గూగుల్ వాళ్లు కొన్న రసీదు, కార్డ్ వివరాలు అడుగుతున్నారు. ఫారం నింపి పంపాలి. అందుకే రసీదు పారేయొద్దు, కార్డ్ అయితే గీకేముందు ఒక ఫొటో తీసుకో. బ్లేడుతో గీకి అక్షరాలే లేపేసిన కార్డులు కూడా నా దగ్గరికొస్తాయి. అప్పుడు పనికొచ్చేది కార్డు మీది సీరియల్ నంబరూ రసీదూ మాత్రమే. మూడోది, ‘ఆల్రెడీ రిడీమ్డ్’. కొన్న వెంటనే ఇది వచ్చిందంటే రెండే మార్గాలు: ఇంట్లోనే ఇంకో అకౌంట్‌లో పడి ఉండాలి, లేదా అమ్మినవాడే వాడేసి ఉండాలి. పేరున్న యాప్‌లో కొంటే ఆర్డర్ వివరాలతో అందులోనే కంప్లైంట్ పెట్టు. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

సగం రేటుకి డైమండ్లు, సగం రేటుకి ప్లే కోడ్ అని టెలిగ్రామ్‌లో అమ్మేవాడి దగ్గర కొన్నావంటే మాత్రం అది కోడ్ సమస్య కాదు, మోసం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోన్ చేయాలి. సైబర్ నేరాలకి కేంద్రం పెట్టిన నంబరు అది. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. నాన్న తిడతాడని రెండు రోజులు దాచిపెట్టిన పిల్లల కేసుల్లో నేనేం చేయలేకపోయాను, స్టేషన్ వాళ్లూ పెద్దగా చేయలేకపోయారు.

కోడ్ జనరేటర్ల గురించి కూడా అడుగుతారు, కాబట్టి చెప్తున్నా. 26 అక్షరాలు, 10 అంకెలు కలిపితే 36. వాటితో 12 గళ్లు నింపడానికి ఎన్ని రకాలుంటాయో లెక్కేస్తే 4 పక్కన 18 సున్నాలు పెట్టినదానికన్నా ఎక్కువ వస్తుంది. అందులో కంపెనీ ఇచ్చినవి గుప్పెడు. వాటిని ఊహించి పట్టుకునే యాప్ లేదు, ఉండదు. ఆ యాప్ చేసే పనల్లా నీకు యాడ్లు చూపించడం, చివర్లో ‘హ్యూమన్ వెరిఫికేషన్’ పేరుతో నీ ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ అడగడం.

నకిలీ వెబ్‌సైట్లు కూడా ఇంతే. అచ్చం అసలుదానిలాగే ఉంటాయి, రంగులూ బొమ్మలూ అన్నీ. పైన అడ్రస్ ఒక్కటి చూడు. డాట్ కామ్‌కి సరిగ్గా ముందున్న మాట గరేనా అయి ఉండాలి. గరేనా పక్కన గీత పెట్టి ఇంకేదో మాట తగిలించినా, చివర డాట్ కామ్ బదులు ఇంకేదన్నా ఉన్నా, వెంటనే మూసెయ్. అప్పటికే పాస్‌వర్డ్ కొట్టేశావా? ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చు, అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్ నొక్కు, రికవరీ ఫోన్ నంబరూ మెయిలూ నీవేనా కాదా చూడు. దొంగ ముందుగా మార్చేది ఆ రెండే.

ఐఫోన్ వాళ్లకి ఒక మాట. చాలా గేముల్లో ఆండ్రాయిడ్‌లో కనపడే కోడ్ పెట్టే బాక్స్ ఐఫోన్‌లో కనపడదు. ఫోన్ చెడిపోయి కాదు. యాప్ లోపల సొంత కోడ్లతో వస్తువులు తెరవనివ్వడం ఆపిల్ నియమాలకి కుదరదు. గేమ్ కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలి. అలాగే జెన్‌షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌లో అడ్వెంచర్ ర్యాంక్ (ఆటలో నీ స్థాయి) 10కి చేరకపోతే కోడ్ పడదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు కొంత ఆడాలి. విదేశీ గేముల గడువు యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకి వాడే టైము) ఇస్తే మన టైముకి ఐదున్నర గంటలు కలుపుకో. అక్కడ అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారి 5.30.

తమ్ముడూ, నీ విషయానికొస్తే, నువ్వు చెప్పినదాన్నిబట్టి నాకు అనిపించేది: కోడ్లు పాతవి. గరేనా ఇండియా సొంత పేజీల్లో వచ్చిన కోడ్ మాత్రమే, వచ్చిన రోజే, ఇన్‌కాగ్నిటోలో పైన చెప్పిన పద్ధతిలో పెట్టి చూడు. నిజం చెప్పాలంటే ఈ కోడ్లకి వచ్చేది చాలావరకు కొద్ది రోజుల పాటు ఉండే తుపాకీ స్కిన్ (తుపాకీ పైరంగు), లేదా ఒక లూట్ క్రేట్ (ఏదో ఒక వస్తువు వచ్చే పెట్టె). దానికోసం రోజూ గంటలు పెట్టడం నా దృష్టిలో గిట్టుబాటు కాదు, ఆపై నీ ఇష్టం. అలా పెట్టినా పడకపోతే గేమ్‌లోని కస్టమర్ సర్వీస్‌కి రాయి. ఇక్కడ కూడా రాయి. రాసేటప్పుడు మెసేజ్‌లో ఉన్న మాటలు ఉన్నదున్నట్టు పెట్టు, గేమ్‌లోకీ వెబ్‌సైట్‌లోకీ దేనితో లాగిన్ అవుతున్నావో చెప్పు, ఆ కోడ్ నీకు ఎక్కడ దొరికిందో చెప్పు. స్క్రీన్‌షాట్ పెడితే కోడ్ కనపడకుండా చెరిపి పెట్టు. లేకపోతే నేను చూసేలోపే చదివినవాడెవడో వాడేసుకుంటాడు.